పారిష్ అంటే పక్కవాటా

ఆ ఆదివారం కళ్లజోళ్ల షాపాయన పెట్టుకున్న పని ఒక్కటే. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పదింటికి చర్చి హాల్లో నిలబడి 'పారిష్' అన్న మాట గురించి మాట్లాడాలి. ఒక చర్చి కిందికి వచ్చే ఇళ్లనూ మనుషులనూ కలిపి పారిష్ అంటారని అందరికీ తెలుసు. ఆ మాట ఎక్కడ పుట్టిందో తవ్వి చెప్పమని ఫాదర్ ఆయన్ని అడిగారు. ఆయన షాపు బేరాలు కూడా మానుకుని మరీ తవ్వాడు.

"గ్రీకులో 'పర' అంటే పక్కన, 'ఓయికోస్' అంటే ఇల్లు. పక్కింటివాడన్నమాట! పరాయి ఊళ్లో కొన్నాళ్లుండి పోయేవాణ్ణీ ఆ మాటతోనే పిలిచేవాళ్లట" అని వంటింట్లో భార్యకు వినిపించాడు.

"పక్కింటివాడూ పరాయివాడూ ఒకటేనా? అయితే ఆ గ్రీకువాళ్లకి మన పక్కవాటా ఆయన బాగా తెలుసు" అంది ఆవిడ. "బాల్కనీలోకెళ్లి చెప్పుకోండి. మీ గోలలో పాలు పొంగిపోయేలా ఉన్నాయి."

ఆయన బాల్కనీలో గొంతు సవరించుకుని, వీధంతా తన సభే అన్నట్టు అందుకున్నాడు. "మనమెవరం? పరాయివాళ్లం! ఈ ఇల్లు మనది కాదు! ఏదో ఒకరోజు మూటాముల్లె సర్దుకుని కదలాల్సినవాళ్లమే!"

పక్క బాల్కనీలో పళ్లు తోముకుంటున్న లిఫ్టు మెకానిక్‌ను ఆయన గమనించలేదు. మెకానిక్ వాటాకి ఒకే బాల్కనీ, అదీ మనిషి పక్కకి తిరిగి నిలబడితేనే పట్టేది. రెండు బాల్కనీల పెద్దవాటా మీద అతనికి ఏళ్లుగా కన్ను. నోట్లో నురగతోనే ఓనరుకు ఫోను కొట్టాడు.

"వాళ్లు ఖాళీ చేస్తున్నారండీ! ఆ వాటా నాకే ఇవ్వాలి. నాది ఇప్పుడే ఖాళీ చేసేస్తా!"

చిన్న వాటా కోసం ఒక కొత్త జంట నెల్లాళ్లుగా ఓనరు ప్రాణం తోడేస్తోంది. ఆయన వెంటనే వాళ్లకి కబురు పెట్టి, ఎందుకైనా మంచిదని కళ్లజోళ్లాయన తలుపు తట్టాడు.

"వెళ్తున్నారటగా?"

"మీదాకా వచ్చిందా!" ఆయన మొహం వెలిగిపోయింది. "అవునండీ, పదింటికి. ఫాదర్ రమ్మన్నారు."

"అంత తొందరగానా! మీ ఆవిడ కూడానా?"

"ఆవిడ లేకపోతే ఎలా? చప్పట్లు కొట్టేదెవరు?"

ఓనరుకు ఇది అంతుబట్టలేదు. "మరి సామాను?"

"సామానెందుకండీ? జేబులో రెండు కాగితాలున్నాయి, చాలు."

కట్టుబట్టలతో పోతున్నారని ఓనరు మనసు కరిగిపోయింది. కళ్లు తుడుచుకుని, ఆయన చెయ్యి గట్టిగా నొక్కి మరీ వెళ్లాడు. ఉపన్యాసానికి ఇంత ఆదరణ ఉంటుందని కళ్లజోళ్లాయన కలలో కూడా అనుకోలేదు.

హాల్లో ఉపన్యాసం అదిరిపోయింది. "పక్కనున్నవాడు పరాయివాడే కావచ్చు. వాడికి తలుపు తీయడమే పారిష్!" అనేసరికి చప్పట్లు ఆగలేదు. ఆ ఊపులో ఆయన ఫాదర్‌ను భోజనానికి కూడా పిలిచేశాడు.

ముగ్గురూ ఇల్లు చేరేసరికి గుమ్మం ముందు మంచం, మంచం మీద లిఫ్టు మెకానిక్, అతని భార్య, ఆవిడ ఒళ్లో గ్యాసు పొయ్యి.

"మీరింకా వెళ్లలేదా?" అన్నాడు మెకానిక్.

"ఎక్కడికీ?"

ఓనరు పరుగెత్తుకొచ్చాడు. "పొద్దున మీరే కదండీ వెళ్తున్నామన్నారు!"

"చర్చికండీ!"

అప్పటికే పక్కవాటాలో కొత్త పెళ్లికూతురు కిటికీలకు కర్టెన్లు కడుతూ కూనిరాగం తీస్తోంది.

"వాళ్లకి తాళం ఇచ్చేశాను. ఇప్పుడెలా పొమ్మంటాను?" ఓనరు తల పట్టుకున్నాడు. "ఇంకో వాటా దొరికేదాకా వీళ్లు ఎక్కడో అక్కడ..."

ఫాదర్ కళ్లజోళ్లాయన వంక చూసి చిరునవ్వు నవ్వారు.

"మీ పారిష్‌కి ఇంకో అర్థమేదీ లేదా?" భార్య ఆయన చెవిలో గొణిగింది.

"ఉంటే చెప్పేవాణ్ణి కానూ?" అంటూ ఆయన తలుపు బార్లా తీశాడు. గ్యాసు పొయ్యి ముందు లోపలికి నడిచింది.

మర్నాడు పొద్దున్న ఇంటి హాల్లోంచి మెకానిక్ గొంతు వినిపించింది. "వదినగారూ, కాఫీలో చక్కెర కాస్త తగ్గినట్టుందండీ!"