వెనక సీట్లో యాకో

ఆ ఉదయం నస్తాసియా వేసుకున్న పథకం చిన్నదే. విమానం నడపడం నేర్పే ఎలియాస్ కింద నిలబడి చూస్తుండగా ఒంటరిగా మూడుసార్లు దిగాలి, తను ఎగిరిన లెక్కలు రాసే పుస్తకంలో సంతకం పెట్టించుకోవాలి, శనివారం నది ఎగువన చేపల శిబిరంలో ఉన్న మొగుడి దగ్గర వాలాలి. పడవలో అయితే రెండు రోజులు. పెళ్లయి నెలైంది, ఇద్దరూ కలిసి కూర్చుని తిన్నది తొమ్మిది పూటలు.

విమానం పాతది, పసుపుది, తోక కింద చిన్న చక్రం. కిందటేడు పోయిన యాకో ముసలాయనది. నేల మీద ముక్కు పైకెత్తుకుంటుంది కనక ఎదురుగా ఏమీ కనబడదు. బరువు వెనక ఉంటుంది కనక తోక పక్కకు జారితే బొంగరంలా తిరిగిపోతుంది.

మొదటిసారి బాగానే దిగింది. రెండోసారికి నది మీంచి పొగమంచు పాకి రన్‌వే అంచులు మింగేసింది. చక్రాలు కంకరను తాకగానే తోక కుడికి జారింది. ఆమె పాదం కదలకముందే తోకను తిప్పే కుడి పెడల్ దానంతటదే మెల్లగా కిందికి దిగి, విమానం తిన్నగా అయింది. ముందు పెడళ్లూ వెనక సీటు పెడళ్లూ ఒకే తీగలకు కట్టి ఉంటాయి. వెనక ఎవరూ లేరు. మెడ మీద మాత్రం ఎవరో ఊపిరి వదిలినట్టు వెచ్చగా తగిలింది.

తిరిగి చూసే ధైర్యం చాలక, "థాంక్స్ యాకో తాతా" అంది మర్యాదగా.

రేడియోలో మాట్లాడే మీట అతుక్కుపోయి తన మాటలన్నీ బయటికి వెళ్తున్నాయని ఆమెకు తెలియదు. మా అలాస్కా పల్లెల్లో విమానాల రేడియో ప్రతి వంటింట్లోనూ మోగుతూనే ఉంటుంది. ఆమె మూడోసారి పైకి లేచేసరికి ఊరంతా టీలు వదిలేసి రన్‌వే పక్కకు చేరింది. గాలి పక్కనుంచి కొడుతోందనీ, ఈసారీ కాస్త పట్టుకోమనీ తాతను బతిమాలుకోవడం కూడా అందరూ విన్నారు. విమానం మంచులోంచి వచ్చి, మూడు చక్రాల మీదా ఒకేసారి దూదిలా వాలి, గీత గీసినట్టు తిన్నగా వచ్చి ఆగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఎలియాస్ కలం జేబులో పెట్టేసుకున్నాడు.

"ఇక్కడ 'ఒంటరిగా' అని రాయాలి పిల్లా. తోడున్నాడని నువ్వే ఊరందరికీ చెప్పావు."

చచ్చినవాణ్ణి మనిషి కింద లెక్కపెట్టకూడదని కొందరు వాదించారు. యాకోకు లైసెన్సు ఉండేది కనక నేర్పేవాడి కిందే లెక్క అన్నారు ఇంకొందరు. ఇంకెవరో ఆయన బరువెంతని అడిగారు. శనివారం కళ్ల ముందే కరిగిపోతుంటే నస్తాసియాకు ఏడుపొచ్చింది.

అప్పుడు యాకో భార్య మాట్రోనా జనాన్ని తోసుకుంటూ వచ్చింది. చంకలో చెల్లెలి మనవడు. చలికాలంలో పుట్టిన వాడికి యాకో పేరే పెట్టారు. పోయినవాళ్ల పేరు పెడితే పేరుతోపాటు ఆ మనిషీ వచ్చేస్తాడన్నది మా దగ్గర అందరికీ తెలిసిన సంగతే.

"మా ఆయన్ని ఆడిపోసుకుంటారెందుకర్రా? పొద్దున్నుంచి నా చంకలోనే ఉన్నాడు. ఇప్పుడే పాలు తాగి పడుకున్నాడు. అయినా ఆయన జన్మలో ఎప్పుడైనా తిన్నగా దిగాడా?"

దానికి తిరుగులేదు. ఎలియాస్ 'ఒంటరిగా' అని రాసి సంతకం పెట్టాడు. నస్తాసియా పుస్తకాన్ని గుండెలకు హత్తుకుంది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

"మరి వెనకున్నదెవరు అమ్మమ్మా?"

మాట్రోనా ఖాళీ సీటు వంక చూసి, పిల్లవాడి ముఖం మీద దుప్పటి కప్పింది.

"ఎవరైతేనేం, నిన్ను తిన్నగా దింపారు. శనివారం ముగ్గురికి సరిపడా రొట్టె పట్టుకెళ్లు."