బిల్లెందుకండీ, కర్పూరం ఉండగా!

బిల్లు అడిగే మనిషిని నేను నాస్తికుల్లోనే కలుపుతాను!

కోపం తెచ్చుకోకండి. కొట్టు యజమాని దేవుడి పటం ముందు నిలబడి "సరుకు మంచిదండీ" అంటుంటే, మళ్లీ కాగితం కావాలనడానికి అర్థమేమిటి? దేవుడి కంటే కార్బన్ పేపరు గొప్పదనే కదా! రెండు పూటలా దీపం పెట్టుకునేవాణ్ణి, అంత పాపం నేను చేయగలనా?

ఈ జ్ఞానం నాకు నందిగామలో కలిగింది. అక్కడ ఉదయభాస్కర్ గారికి విత్తనాల కొట్టుంది. రెండువేల మూడు వేసవిలో ఆయన విజయవాడ హోటల్లో మూడు రోజుల ట్రైనింగుకి వెళ్లారు. బిజినెస్ లీడరు నమ్మకాన్ని ఎలా పెంచుకోవాలన్నది పాఠం. వెళ్లేటప్పుడు మామూలు షాపు ఓనరు. వచ్చేటప్పుడు లీడరు!

అక్కడేం చెప్పారో మనకు తెలియదు. ఈయన మాత్రం గల్లాపెట్టె పక్కన కర్పూరం పళ్లెం పెట్టించారు. రైతు పత్తి ప్యాకెట్ కొనగానే కర్పూరం వెలిగించి, అరచేత్తో ఆర్పి, "ఇవి మొలుస్తాయి, నాదీ పూచీ" అని ప్రమాణం చేస్తారు. క్రైస్తవ రైతుల కోసం చెక్క శిలువ కూడా తెప్పించారు. అలవాటు కొద్దీ దానికీ ఓ బొట్టు పెట్టారు. బిల్లు పుస్తకం మాత్రం అటకెక్కింది.

"బిల్లంటే అనుమానమండీ. లీడరుకీ కస్టమరుకీ మధ్య అనుమానం ఉండకూడదు" అన్నారు నాతో.

ఎంత గొప్ప పద్ధతి! ఇది దేశమంతా పెడితే ఎన్ని సమస్యలు తీరతాయో ఆలోచించండి. బస్సులో టికెట్లెందుకు? కండక్టరు కర్పూరం ఆర్పితే చాలదూ? రిజిస్ట్రారు ఆఫీసెందుకు? పొలం అమ్మినవాడు, కొన్నవాడు గుళ్లో చేతులు కలుపుకుంటే సరి. నందిగామ కోర్టు మూసేసి కల్యాణ మండపం చేసుకోవచ్చు. ప్లీడర్లు సన్నాయి నేర్చుకుంటారు!

అందుకే మా జగ్గయ్యపేట పక్కనున్న పల్లెలో కౌలు చేసే ఆశీర్వాదాన్ని నేనే ఆ కొట్టుకి పంపాను. "ఆయన శనివారం శనివారం నూటెనిమిది ప్రదక్షిణాలు చేస్తాడయ్యా, కళ్లారా చూశాను" అని హామీ కూడా ఇచ్చాను. ప్రదక్షిణాలకీ మొలకలకీ సంబంధమేమిటని అప్పుడు నాకు తోచలేదు.

ఆశీర్వాదం రెండెకరాల్లో ఆ గింజలు వేశాడు. వాన పడింది. పది రోజులైంది. చేను నున్నటి గుండులా ఉంది. వ్యవసాయాఫీసులో ఫిర్యాదు రాసుకోవాలంటే బిల్లు కావాలన్నారు. నేనే పంపాను కాబట్టి అతనితో నేనూ నందిగామ బస్సెక్కాను.

కొట్టు నిండా రైతులున్నారు. లీడరు గారు చిరునవ్వుతో లేచి నిలబడ్డారు. ట్రైనింగు అలాంటిది.

"ఒక్క గింజ మొలవలేదండి. బిల్లన్నా రాయండి, వేరే ప్యాకెట్లన్నా ఇవ్వండి. నేలలో పదును ఆరిపోతే ఈ ఏడు చేను బీడేనండి" అన్నాడు ఆశీర్వాదం.

"మొలవలేదని రుజువేదయ్యా?"

ఆశీర్వాదం తువ్వాలుతో శిలువ మీది బొట్టు మెల్లగా తుడిచి, దాని మీద చెయ్యి వేశాడు. "మొలవలేదండి. దేవుడి సాక్షి."

లీడరు గారి చిరునవ్వు కాస్త వాడింది. "అట్టా అంటే ఎట్టా? చేను ఫోటో తేవాలి. ఖాళీ ప్యాకెట్లు తేవాలి. పంచాయతీ వాళ్లతో రాయించి సంతకం పెట్టించుకు రావాలి. నోటి మాట మీద బిజినెస్ నడుస్తుందా?"

"మీరు ప్రమాణం చేసినప్పుడు నేను ఫోటో అడిగానా అండి?"

నేను కర్పూరం పళ్లెం వంక చూస్తూ నిలబడ్డాను. ఆయన్ని నమ్మమని చెప్పిన నోరు నాదే కదా!

వెనక నుంచి లూర్దమ్మ అనే ముసలామె చేతిలో ప్యాకెట్టు బల్ల మీద పెట్టేసింది. "నాకు బిల్లు రాయి బాబూ. కర్పూరం నువ్వే ఉంచుకో."

"నాక్కూడా రాయండి!" అన్నాడు ఇంకొకడు.

"ముందు ఆశీర్వాదానిది రాయండి, తర్వాత మావి!" అన్నారు నలుగురైదుగురు. ఎవరూ డబ్బు తియ్యలేదు. ఎవరూ మెట్లు దిగలేదు.

అటక మీది బిల్లు పుస్తకాన్ని ఎలుకలు అప్పటికే తినేశాయి. గుమాస్తా సాంబయ్య పరుగున వెళ్లి ఎదురు వీధిలో కొత్తది కొనుక్కొచ్చాడు. మొదటి కాగితం మీద ఆశీర్వాదం పేరు, అతను కొన్న తేదీ పడ్డాయి. అతను దాన్ని నాలుగు మడతలు పెట్టి, "ఆఫీసోళ్లు తేల్చేదాకా వాన ఆగదు కదండి, కంది వేసేస్తా" అని బయల్దేరాడు. నా వంక చూడలేదు. చూడకపోవడమే మంచిదైంది.

పాఠకులారా! ఇంత జరిగినా నమ్మకం మీద నా నమ్మకం చెక్కు చెదరలేదు. కానీ అది ఎటు నుంచి ఎటు ప్రవహించాలన్న దానికి బిజినెస్‌లో ఏదో ఏర్పాటు ఉన్నట్టుంది. మనం వాళ్లని నమ్మాలి, అంతవరకూ నాకు అర్థమైంది. రెండో సగం ఏమిటో ఆ ట్రైనింగులో నాలుగో రోజు చెబుతారేమో!

ఎందుకంటే, మెట్లు దిగుతుంటే వెనక నుంచి ఉదయభాస్కర్ గారి గొంతు వినపడింది. పాతికేళ్లుగా తన దగ్గరే పనిచేస్తున్న గుమాస్తాని అడుగుతున్నారు.

"సాంబయ్యా, ఈ బిల్లు పుస్తకం కొన్నావు సరే, దీనికి బిల్లేదీ?"