రాజేశం పటాల కోర్సు

పత్తి సీజన్‌లో మనిషికి కావాల్సినవి రెండే: ఇంత తిండి, ఇంత నిద్ర. జమ్మికుంట మార్కెట్ యార్డులో కాంటా దగ్గర నిలబడే రాజేశానికి తిండికి లోటు లేదు. నిద్రే పాపం, ఐదారేళ్లుగా చుట్టపుచూపుగా వచ్చి పోతోంది.

ఆదివారం యార్డుకు సెలవు. అంటే ఇంట్లో డ్యూటీ. పిండి గిర్నికి పోవాలి, తల్లిని మోకాళ్ల డాక్టరుకు చూపించాలి, మిద్దె మీద నీళ్ల ట్యాంకు కడగాలి. పోయిన ఆదివారం ఆ ట్యాంకులోనే కూర్చుని కునుకు తీస్తే, భార్య సరోజన కింద మోటారు వేసింది. తెలియక వేశానంది. నమ్మక ఏం చేస్తాడు!

అలాంటి మనిషి చేతిలో జిరాక్సు షాపు గంగయ్య ఓ కాగితం పెట్టాడు. భూగోళం, మ్యాపుల తయారీలో సర్టిఫికెట్ కోర్సు. కరీంనగర్‌లో ఆరు నెలలు, ఆదివారాలు మాత్రమే.

"ఏసీ హాలే అన్నా," అన్నాడు గంగయ్య. "లైట్లన్ని బంద్ జేసి తెర మీద పటాలు చూపిస్తరట. పదింటి సంది నాలుగింటి దాంక."

చీకటి, చల్లదనం, ఆరు గంటలు! రాజేశానికి కళ్లు చెమర్చాయి. భూమి గుండ్రంగా ఉన్నా బల్లపరుపుగా ఉన్నా అతనికేం అభ్యంతరం లేదు, వెనక బెంచీలో తల వాల్చే జాగా ఉంటే చాలు.

ఇక ఒప్పించాల్సింది సరోజనను. మహిళా సంఘం లెక్కలు రాసే మనిషి. రూపాయి తేడా వచ్చిందని బ్యాంకు మేనేజరును భోజనం మీంచి లేపిన ఘనురాలు.

"నేను పటాలు చేసుడు నేర్చుకుందామనుకుంటున్న," అన్నాడు సాయంత్రం చాయ తాగుతూ.

మూలన మంచం మీదున్న తల్లి యాదవ్వ దిగ్గున లేచి కూర్చుంది. "ఎవల పటంరా? నేను బతికుండంగనే నా పటం జేపిస్తవా కొడకా? దండ గూడ తెచ్చినవా?"

"గా పటం గాదవ్వా! నక్ష, నక్ష!"

"నక్షనా? అంటే నా ఎకరం కొలిపిస్తున్నవా? ఓ నా బాపో!"

ఆమెను ఊరుకోబెట్టేసరికి చాయ చల్లారిపోయింది. అంతసేపూ సరోజన కాగితం మీద పెన్ను పట్టుకుని ఓపిగ్గా కూర్చుంది.

"ఫీజెంత?"

"పద్నాలుగు వేలు."

"పోను రాను బస్సు కిరాయి?"

"నూట యాభై."

"తిండి?"

"వంద అనుకో."

"ఇరవై ఆరు ఐతారాలు. అన్ని గలిపి ఇరవై వేల ఐదు వందలు. మరి ఆమ్దాని?"

"నెలకు పదివేలు. ఉన్న నౌకరి ఉండంగనే, ఇంట్ల కూసోని కంప్యూటర్ల గీసుడే."

"పైసలు ఎవలిస్తరు?"

రాజేశం అంతదాకా ఆలోచించలేదు. గంగయ్యకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు.

"వదినా, ఫికరే వద్దు," అన్నాడు గంగయ్య. "మా చిన్నాయిన అల్లుడు గదే పని జేసి పద్దెనిమిది వేలు దీసుకుంటుండు."

ఆ అల్లుడు భైంసాలో జిన్నింగ్ మిల్లు లారీలకు లోడెత్తుతాడని రాజేశానికి తెలుసు.

"ఈయన పదే అన్నడు గదా?"

"ఆడు జర దూరం దేశాల పటాలు గీస్తడు వదినా. దగ్గర దేశాలకు పదే ఇస్తరు."

సరోజన ముఖం చూస్తే ఏమీ తెలియలేదు. ఇక్కడ ఊరుకుంటే బాగుండేది. రోజూ వందల క్వింటాళ్ల పత్తి తూచే రాజేశం తన మాట మాత్రం తూచుకోలేదు. "పద్దెనిమిది పక్కా," అన్నాడు. "నీ మీద ఒట్టు!"

"నిజమేనా?"

"రూపాయి తగ్గదు."

"అయితె మంచిగనే ఉన్నది." సరోజన కోర్సు కాగితం కింది వరుస మీద వేలు పెట్టింది. "గిది చూడలేదా నువ్వు? ఆడోళ్లకు సగం ఫీజట. బస్సు నాకు ఫ్రీ. అన్నం డబ్బ కట్టుకొని పోత. నువ్వు పోతె ఇరవై వేల ఐదు వందలు, నేను పోతె ఏడు వేలు. ఆమ్దాని ఎవలకైనా గదే."

"నీకు... కంప్యూటర్..."

"సంఘం లెక్కలన్ని అండ్లనే కొడుతున్న. నువ్వెన్నడన్న మౌసు ముట్టినవా?"

"గా ఆమ్దాని మీద మరీ ఆశ వెట్టుకోకు సరోజనా."

"ఎందుకు? నా మీద ఒట్టు వెట్టినవు గదా. అబద్ధమా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. "లే లే, పక్కా," అన్నాడు నీరసంగా.

కోర్సు మొదలయ్యే ఆదివారం పొద్దున్నే సరోజన ఇస్త్రీ చీర కట్టుకుని బయల్దేరింది. బస్టాండు దాకా బండి మీద దించాడు రాజేశం. అక్కడ ఇక ఆగలేకపోయాడు.

"నిజం చెప్త. గా పద్దెనిమిది వేలు ఉత్తదే. హాల్ల చీకటి జేస్తరంటె, మంచిగ పండుకుందామనుకున్న."

"ఎర్కే. గంగయ్య పెండ్లాం వినోద మా సంఘమే గదా. ఫీజు కట్టకముందే చెప్పింది."

"ఎర్కుండి మరి ఏడు వేలెందుకు కట్టినవు?"

సరోజన బస్సు మెట్టెక్కి వెనక్కి తిరిగింది. గొంతులో కోపం లేదు.

"నీకు ఆరు రోజులు కాంటా, ఏడో రోజు ఇల్లు. నాకు ఏడు రోజులూ ఇల్లే. పదహారేండ్ల సంది ఐతారమంటె ఎట్లుంటదో చూడలేదయ్యా. నేర్చుకుంటనో, పండుకుంటనో, పోయినంక చూస్త."

రాజేశానికి సిగ్గేసింది. కదిలిన బస్సు పక్కనే నాలుగడుగులు నడుస్తూ, ఆమెకు సీటు దొరికిందా లేదా అని మెడ చాచి చూశాడు. దొరికింది, కిటికీ పక్కనే.