మెత్తబడిన నాలుగు సీట్లు

"ఒకటో తారీఖు నుంచి ఏ బంకులోనూ సీసం కలిపిన పెట్రోలు చుక్క కూడా దొరకదు. ఇక గాలికి స్వాతంత్ర్యం వచ్చినట్టే!" అని ఇంధన మంత్రిగారు ప్రకటించారు. పాత కార్ల వాళ్లు బెంగపడొద్దన్నారు. మామగారి కాలంనాటి తమ కారులో ఆ కొత్త పెట్రోలే పోయించి, తామే నడుపుతూ ఊరేగింపుగా ఊరంతా తిరుగుతామని సెలవిచ్చారు. కారు నడపడం వారికి వచ్చా రాదా అన్నది వేరే సంగతి. మాట ఇచ్చారంటే ఇచ్చారే, అంతటి మనిషి.

షెడ్డులో రేడియో వింటున్న మేస్త్రి చేతిలో స్పానరు జారి కాలిమీద పడింది. ముప్పై ఏళ్లుగా ఆ కారుకు వైద్యం చేస్తున్నది అతనే.

"కొంప మునిగిందే!" అన్నాడు భార్యతో. "ఆ ఇంజన్లో వాల్వులు వచ్చి కూర్చునే రింగులున్నాయే, ఆ సీట్లు మెత్తవి. ఇన్నాళ్లూ సీసం పూతలా అంటుకుని వాటిని కాపాడింది. అది లేకపోతే వాల్వు కొట్టుకుని కొట్టుకుని సీటు అరిగి లోపలికి దిగబడిపోతుంది. చల్లటి గాలీ పెట్రోలూ లోపలికి తీసుకునే నాలుగింటికి పర్లేదు, కాలిన పొగ బయటికి వదిలే నాలుగింటికే గండం."

"గట్టి సీట్లు వేస్తే పోలా? దానికింత రాద్ధాంతం దేనికి?" అందావిడ. ఆ షెడ్డులో చేతులు అతనివి, బుర్ర ఆవిడది.

మధ్యాహ్నానికి మంత్రిగారి పీఏ ఊడిపడ్డాడు.

"దారిలో కారు ఆగిందో, నీ షెడ్డుకు తాళమే. అయ్యగారి మాట."

షెడ్డు పోతే మేస్త్రికి వేరే బతుకు లేదు. "ఆగదండీ. సీట్లు మార్చాలి, అంతే."

"నోటిమాటకు సర్కారు డబ్బు రాదు. రాసివ్వు. కానీ కారు అన్న ముక్క ఎక్కడా రాకూడదు. సొంత కారుకు సర్కారు ఖర్చా అని ప్రతిపక్షం గుండెలు బాదుకుంటుంది."

"కారు లేకుండా ఎలా రాయనండీ?"

"పని లేకుండా మేం రిపోర్టులు రాయట్లేదూ? రాయి."

మేస్త్రి చెవిమీది పెన్సిలు తీసి రాశాడు:

"విషయం: సీట్లు. మొత్తం ఎనిమిదీ చూశాను. లోపలికి తీసుకునేవి నాలుగూ బాగున్నాయి. బయటికి వదిలేవి నాలుగూ మెత్తబడ్డాయి. లీకులున్నాయి. కొత్త పద్ధతికి ఇవి తట్టుకోలేవు. వెంటనే పీకేసి గట్టివి పెట్టకపోతే మొత్తం కూలబడుతుంది."

పీఏ దానిమీద 'పరమ రహస్యం' అని ముద్ర గుద్దాడు. రహస్యం కదా, తొమ్మిది మంది అధికారుల్లో ఒక్కరూ చదవలేదు. సంతకాలు మాత్రం అందరూ పెట్టారు. క్రమశిక్షణ అంటే అదీ. తొమ్మిది బల్లలూ దాటి ఆ కాగితం ప్రభుత్వాన్ని నడిపే పెద్దాయన దగ్గరికి చేరింది. ఆయన చదివారు. రెండుసార్లు చదివారు.

వారం తిరక్కుండా జవాబొచ్చింది: "ఆమోదించడమైనది. తక్షణం అమలు చేయాలి."

"ఏమే, మన మాటకు విలువుందే!" అని మేస్త్రి పొంగిపోయాడు. ఇంజను హెడ్డు విప్పి, మెత్తబడిన నాలుగు సీట్లూ తొలిచేసి, గట్టి రింగులు బిగించాడు. ఒకటో తారీఖు పొద్దున్నే కొత్త పెట్రోలు పోసి స్టార్టు చేస్తే ఇంజను హాయిగా పాడింది. అతని ప్రాణం లేచొచ్చింది.

అంతలో రేడియో చెప్పింది. నలుగురు మంత్రులకు ఉద్వాసన. నలుగురూ నోట్లో నువ్వుగింజ నానని వాళ్లే, లోపలి మాటలు పత్రికలకు మోసేవాళ్లే. జాబితాలో మొదటి పేరు ఇంధన మంత్రిగారిది.

కాసేపటికి ఆయన నడుచుకుంటూ వచ్చాడు. వెంట పీఏ కూడా లేడు.

"సీటు ఎలా ఉందోయ్?" అన్నాడు నీరసంగా.

"బ్రహ్మాండంగా కూర్చుందండీ! పదేళ్లదాకా కదిలితే నన్నడగండి."

ఆయన వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాడు. రెండుసార్లు ఆగి, మూడోసారి కారు కదిలింది. ఊరేగింపు లేదుగానీ, పాత కారు, కొత్త పెట్రోలు, నడిపేది తానే. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం ఆయనకు అదే మొదలు.

ఆ దుమ్ము అణగకముందే పెద్దాయన కార్యదర్శి దిగాడు. మేస్త్రికి వంగి దండం పెట్టాడు.

"మీ రిపోర్టు సార్‌కి తెగ నచ్చిందండీ. ఒక్కటే అనుమానం. ఆ లోపలికి తీసుకునే నలుగురి సంగతి..."

మేస్త్రి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నవ్వాడు. "వాటికేం ఢోకా లేదండీ. ఎంత తీసుకున్నా చల్లగానే ఉంటాయి. వాటి జోలికి పోకండి."

కార్యదర్శి ఆ మాట పొల్లుపోకుండా రాసుకుని, కింద మేస్త్రి చేత సంతకం పెట్టించుకున్నాడు.