మితశ్వాస ఉద్యమం

ఆరోగ్య మంత్రిగారు పత్రికలవాళ్ళని పిలిచి, మంచినీళ్ళు తాగి, గొంతు సవరించుకుని చెప్పిన మాట ఇది. "మన ప్రజలు అవసరానికి మించి ఆక్సిజన్ పీలుస్తున్నారు. ఇది చాలా ప్రమాదం."

అందరూ తలవంచుకుని రాసుకున్నారు. ఒకాయన మాత్రం పెన్ను ఆపి, "ఎంత పీలిస్తే ఎక్కువ సార్?" అని అడిగాడు.

"ఉన్నదానికంటే ఎక్కువ పీలిస్తే ఎక్కువ," అన్నారు మంత్రిగారు.

ఇంత లోతైన మాట ఊరికే పుట్టలేదు. అంతకుముందు రోజు పెద్దాసుపత్రి సూపరింటెండెంటు మంత్రిగారి గదిలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పిల్లల వార్డులో ఆక్సిజన్ అయిపోవచ్చిందన్నాడు. ఆసుపత్రి వెనకాల మంత్రిగారే రిబ్బను కత్తిరించిన ఆక్సిజన్ ప్లాంటు ఉంది. ప్లాంటు వచ్చింది కదా అని సిలిండర్ల లారీని మాన్పించేశారు. ప్లాంటు నుంచి వార్డుకి పైపు మాత్రం వేయలేదు. పైపు వేరే శాఖవాళ్ళది.

అంతా చెప్పి ఊరుకోక, నిజం చెప్పే అలవాటున్న మనిషి కాబట్టి, సూపరింటెండెంటు ఒక మాట కలిపాడు. "మేం అవసరానికి మించి ఇవ్వం సార్. నెలలు నిండని పిల్లలకి ఆక్సిజన్ మితిమీరితే కళ్ళు దెబ్బతింటాయి."

మంత్రిగారు కుర్చీలో ముందుకి వంగారు. "మళ్ళీ చెప్పండి."

చెప్పాడు.

"ఇంత ప్రమాదమైనదని ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?" అని మంత్రిగారు ఆయన్ని నిలదీశారు. అలా పుట్టింది మితశ్వాస ఉద్యమం.

తెల్లారేసరికి పిల్లల వార్డు గోడ మీద పోస్టరు వెలిసింది. 'మీ బిడ్డ ఎక్కువగా పీలుస్తోందా? ఒక్కసారి ఆలోచించండి' అని అందులో ఉంది. కింద మంత్రిగారు, ఊపిరి బిగబట్టినట్టు పెదాలు మూసి, నవ్వుతున్నారు.

కిటికీ పక్క మంచం మీద కూర్చున్న అమ్మాయి ఆ పోస్టరుని కూడబలుక్కుని చదివింది. ఆమెకి చదువు, సైన్సు పుస్తకంలో గాలి పాఠం వచ్చేలోపే ఆగిపోయింది. ఒళ్ళో కొడుకు. ఇప్పుడిప్పుడే అడుగులేస్తున్నవాడు. ఛాతీలో కఫం పట్టి ఎగశ్వాసతో కొట్టుకుంటున్నాడు. ఆమె అసలే భయస్తురాలు. వాడు బాగున్న రోజుల్లోనే, నిద్రలో ఊపిరి తీస్తున్నాడో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసే రకం. ఇప్పుడు ఎక్కువ తీస్తున్నాడేమోనని కూడా చూడాల్సొచ్చింది.

"అక్కా," అని నర్సుని పిలిచింది. "మావాడికి ఇది ఎక్కువవుతోందా?"

"ఎక్కువా? సిలిండర్ మీద ముల్లు చూడు. అడుగున పడుకుంది."

"అంటే మంచిదేనా?"

"పోస్టరు లెక్కన చాలా మంచిది. నీ కొడుకు లెక్కన కాదు," అని నర్సు మాస్కు సర్దింది.

అంతలో ఇద్దరు మనుషులొచ్చి, మూల నిలబెట్టి ఉన్న ఒకే ఒక్క నిండు సిలిండర్ని దొర్లించుకుంటూ బయల్దేరారు.

"దాన్నెక్కడికి తీసుకుపోతున్నారయ్యా?" అంది మంచం పక్కనే కూర్చున్న ఆ అమ్మాయి అత్తగారు. ఫ్లాస్కు మూత బిగిస్తూ లేచింది.

"మంత్రిగారి టూరమ్మా. మంత్రి ఎటెళ్ళినా వెనకాల అంబులెన్సు ఉండాలి. అందులో నిండు సిలిండర్ ఉండాలి. రూలు."

"ఆక్సిజన్ మంచిది కాదని చెప్పడానికేగా ఆయన వెళ్తోంది?"

"మంచిది కాదన్నది ఆయన. రూలు అనలేదు."

అత్తగారు ఇంకా ఏదో అనబోయి వెనక్కి తిరిగితే మంచం మీద కోడలు లేదు. పిల్లాణ్ణి భుజాన వేసుకుని సిలిండర్ వెంట నడుస్తోంది. గేదెల్ని చూసినా రోడ్డుకి అవతలివైపు దాటే పిల్ల. అత్తగారు నోరు మూసుకుని, ఫ్లాస్కూ గుడ్డల సంచీ అందుకుని వెంటపడింది.

అంబులెన్సు డ్రైవరు తలుపుకి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇది మంత్రిగారి కోసం. ఎక్కకూడదు."

"ఆయన లోపలున్నారా?" అంది అత్తగారు.

"ఆయన కారులో ఉన్నారు."

"ఇదైతే ఖాళీయేగా. జరుగు నాయనా."

లోపల డ్యూటీ డాక్టరమ్మ ఉంది. ఆమె పిల్లాడి చొక్కా ఎత్తి, ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోవడం చూసింది. మంత్రిగారి మాస్కు పెద్దది. పక్క డబ్బాలోంచి చిన్నది తీసి వాడికి పెట్టి, "తలుపెయ్యండి," అని మాత్రం అంది.

కాన్వాయ్ కదిలింది. మొదటి ఊళ్ళో మంత్రిగారు మైకులో అరగంట దంచారు. బయట "పీల్చడం తగ్గించండి" అని వినిపిస్తుంటే లోపల పిల్లాడి పెదాల నీలం కాస్త కాస్త విడిచింది. రెండో ఊళ్ళో మంత్రిగారు తొందరగా ముగించారు. తల్లి డాక్టరమ్మ వైపు తిరిగింది.

"ఇంక వెనక్కేనా డాక్టరమ్మా?"

"ఇంకా రెండు మీటింగులున్నాయి."

"అమ్మయ్య. బాగా మాట్లాడతాడు ఆయన."

సాయంత్రానికి పిల్లాడు ఫ్లాస్కు మూతతో ఆడుతున్నాడు. సరిగ్గా అప్పుడు మంత్రిగారి పి.ఏ. నీళ్ళ సీసా కోసమని వచ్చి తలుపు తీశాడు.

"ఎవరమ్మా మీరు?"

తల్లికి దారి పొడుగునా విన్న మాటల్లో ఒకటి నోటికొచ్చింది. "ఉద్యమంలో ఉన్నామండి."

పి.ఏ. ముఖం వెలిగిపోయింది. ఇంతవరకూ ఉద్యమంలో మంత్రిగారూ తనూ తప్ప ఎవరూ లేరు. పిల్లాణ్ణి అమాంతం ఎత్తుకెళ్ళి స్టేజీ మీద మంత్రిగారి చేతికిచ్చాడు.

"నిన్నటిదాకా ఈ పసివాడు ఆసుపత్రి ఆక్సిజన్‌కి బానిస," అన్నారు మంత్రిగారు. "ఈ ఉదయం వార్డు నుంచి విముక్తి కలిగింది. ఇప్పుడు చూడండి." పిల్లాడు మంత్రిగారి కళ్ళజోడు లాగాడు. జనం చప్పట్లు కొట్టారు. తల్లి మాత్రం వాడి పెదాల రంగే చూస్తూ, పొద్దుటి నుంచీ పొడుగవ్వాలని కోరుకున్న ప్రసంగం ఎప్పుడు ముగుస్తుందా అని వేళ్ళు నలుపుకుంటూ నిలబడింది.

మర్నాడు ఆ ఫొటో పత్రికల్లో వచ్చింది. అది చూసి వార్డులోని తల్లులందరికీ ఒక్కసారిగా రాజకీయ చైతన్యం కలిగింది. పిల్లల్ని చంకనేసుకుని, "మేమూ ఉద్యమంలో చేరతాం," అంటూ గేటు దగ్గరికొచ్చారు. మంత్రిగారు పొంగిపోయి, కాన్వాయ్‌లో మరిన్ని అంబులెన్సులు పెట్టమన్నారు. కాన్వాయ్‌లో అంబులెన్సంటే అందులో నిండు సిలిండర్ ఉండాలి. వార్డుకి రాని లారీ రూలుకి వచ్చింది. సూపరింటెండెంటు సంతకాలు పెడుతూ తల ఎత్తలేదు. నవ్వు కనబడుతుందని.

ఉద్యమం మొదలయ్యాక పిల్లల వార్డు పూర్తిగా ఖాళీ అయిందని మంత్రిగారు సభలో ప్రకటించారు. ఇందులో అబద్ధమేమీ లేదు.

అలా సాగుతూ ఉండగా ఒక మధ్యాహ్నం మైకులో మాట మారింది. "ప్రజల్లో పూర్తి అవగాహన వచ్చింది. నేటితో మన ఉద్యమం విజయవంతంగా ముగిసింది."

అంబులెన్సులో తల్లి డాక్టరమ్మ వైపు చూసింది. డాక్టరమ్మ ముందు ఆమె కొడుకుని చూసింది, తర్వాత పక్క బండిలో ఉన్న నెలల పాపని చూసింది. "మీవాడికి ఇంకో నాలుగు రోజులు కావాలి. ఆ పాపకి ఇంకా ఎక్కువే."

తల్లి వాణ్ణి అత్తగారి ఒళ్ళో పెట్టి దిగింది. నేరుగా వెళ్ళి మంత్రిగారి కారు ముందు రోడ్డు మీద కూర్చుంది. ఒక్కొక్క బండిలోంచీ మిగతా తల్లులు దిగొచ్చి ఆమె పక్కన కూలబడ్డారు. పిల్లలు లోపల మాస్కుల్లో ఉన్నారు.

పత్రికలవాళ్ళు మూగారు. "ఏమిటమ్మా మీ డిమాండు?"

ఆ అమ్మాయి నలుగురిలో ఎప్పుడూ నోరు విప్పి ఎరగదు. చీర కొంగు వేలికి చుట్టుకుంది. "ఆక్సిజన్ వల్ల వచ్చే నష్టాల గురించి మంత్రిగారు ఇంకా చెప్పాలండి. మాకింకా సరిగా అర్థం కాలేదు."

"ఎన్నాళ్ళు చెప్పాలి?"

ఆమె అంబులెన్సుల వరుస వైపు ఒకసారి చూసింది. "అందరికీ అర్థమయ్యేదాకానండి."

కారు దిగిన మంత్రిగారికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన రాజకీయ జీవితంలో ఉపన్యాసం ఆపమని రోడ్డెక్కినవాళ్ళే గాని ఆపొద్దని కూర్చున్నవాళ్ళు లేరు. పి.ఏ. చెవి దగ్గరికి వంగి, "ఊళ్ళన్నీ అయిపోయాయి సార్," అన్నాడు.

"మళ్ళీ మొదటి ఊరి నుంచి పెట్టవయ్యా."

తల్లి లేచి చీర దులుపుకుంటూ, ఇంకో సంగతి గుర్తొచ్చినట్టు పి.ఏ. దగ్గరికి నడిచింది.

"ఈసారి కాస్త నిదానంగా చెప్పమనండి సార్."