పితామహార్జితమైన గుండె

చక్కెర వ్యాధి తక్కిన లోకానికి వస్తుంది. విశ్రాంత రిజిస్ట్రారుగారికి మాత్రం స్థిరాస్తివలె సంక్రమించింది. ఈ భేదం తెలియనివారితో ఆయన ఆ విషయం చర్చించేవారు కారు. తనకు ఊహ తెలియకముందే తాతగారు గుండె ఆగి పోయారు గనుక తన గుండె కూడా ఆ సంప్రదాయాన్నే పాటిస్తుందనీ, మధ్యలో ఉదయపు నడకలాంటి చిల్లర ప్రయత్నాలు వంశానికే అప్రతిష్ఠ అనీ ఆయన సిద్ధాంతం. దాన్ని పడకకుర్చీలోంచి లేవకుండా, మిఠాయి నములుతూ వివరించేవారు.

మెట్లెక్కుతుంటే ఛాతీ పట్టేసిన రోజున భార్య ఆయన్ని ఆసుపత్రికి లాక్కుపోయింది. వంశచరిత్రకు మిగిలిన ఏకైక ఆధారం గనుక మేనత్త కూడా వెంట బయల్దేరింది.

"ఒంట్లో ఇన్సులిన్ ఉంది సార్. మీ ఒళ్ళే దాని మాట వినడం లేదు," అన్నాడు డాక్టరు.

"మా వంశంలో ఎవరూ ఎవరి మాటా వినరు," అన్నారు రిజిస్ట్రారుగారు, ఒకింత గర్వంగా.

"జన్యువుల ప్రభావం ఉంటుంది, కాదనను. కానీ మిమ్మల్ని కుర్చీకి కట్టేసింది అవి కావుగా. గుండె పరీక్షలు ఇవాళే చేద్దాం. ఆ తర్వాతైనా మందులు మింగి, తిండి తగ్గించి, నడవకపోతే, ఈసారి మిమ్మల్ని మోసుకు రావాలి."

భార్య ముఖం పాలిపోయింది. "వింటున్నారా? నా కోసమైనా నడవండి."

"పిచ్చిదానా, రక్తంలో ఉన్నదాన్ని కాదనడానికి మనమెవరం? తాతగారంతటివారే గుండెకు లొంగిపోయారు."

డాక్టరు మేనత్త వైపు తిరిగాడు. "మీ నాన్నగారికి గుండెజబ్బు ఎన్నాళ్ళుందమ్మా?"

మేనత్త కొంగు సర్దుకుంది. కోడలి ముఖం చూసింది. గొంతు సవరించుకుంది.

"ఒరేయ్, ఇంకా దాస్తే నీ ప్రాణం మీదికొచ్చేట్టుంది. మా నాన్నకి గుండెజబ్బూ లేదు, షుగరూ లేదు. పేపరు కొనడం దండగని, రోజూ తెల్లారగట్ల పక్కింటి గోడ దూకి, వాళ్ళు లేవకముందే వాళ్ళ పేపరు చదివేసి, మడత నలక్కుండా పెట్టేసి వచ్చేవాడు. ఓ రోజు మంచుకి గోడ తడిసి కాలు జారింది. నలుగురికీ ఏం చెప్పుకుంటాం? గుండె అన్నాం. మర్యాదగా ఉంటుందని."



"అప్పటికి ఆయన వయసెంతమ్మా?" అడిగాడు డాక్టరు.

"డెబ్బై అయిదు," అంది మేనత్త. "ఎక్కడం ఎప్పుడూ బాగానే ఎక్కేవాడు, దిగేటప్పుడే జారాడు."