మంత్రిగారు రోడ్డు దిగిన రోజు

రహదారుల శాఖ మంత్రిగారు విలేకరులను పిలిపించి, ఇంతవరకూ ఏ మంత్రీ తీసుకోని నిర్ణయం తాను తీసుకున్నట్టు ప్రకటించారు. వచ్చే ఆదివారం ఆయన ఏసీ కారు, సైరను, కాన్వాయ్ అన్నీ వదిలేసి, ఒక మామూలు కుటుంబంతో కలిసి, ఒక మామూలు పికప్ ట్రక్కులో, ఊరవతలి ఆఫ్‌రోడ్ పార్కుకు విహారయాత్ర వెళ్తారు.

"రోడ్డు లేనిచోట తిరిగితేగాని రోడ్డు విలువ తెలియదు," అన్నారు మంత్రిగారు.

విలేకరులు రాసుకున్నారు. ముందువరుసలో ఉన్నాయన రెండుసార్లు రాసుకున్నాడు.

ఆ మామూలు కుటుంబం మాది. మాకు పరుపుల కొట్టు ఉంది. నేను పరుపులు కుడతాను, మా ఆవిడ వాటిని బండిలో వేసుకెళ్ళి ఇళ్ళకు చేరుస్తుంది. నేను స్టీరింగు పడితే బండి తనకు నచ్చిన చోటికి పోతుంది గనక మొదటినుంచీ మా ఇంట్లో ఇదే ఏర్పాటు.

ఆఫ్‌రోడ్ పార్కంటే తెలియనివారికి చెబుతాను. బురద గుంటలు, రాళ్ళ దారులు, నిట్టనిలువు దిబ్బలు పనిగట్టుకుని తయారుచేసి, వాటిమీద మన బండిని మనమే కుళ్ళబొడుచుకోవడానికి టిక్కెట్టు పెట్టిన చోటది. అక్కడ ఏనుగు దిబ్బ అని ఒకటుంది. దాన్ని ఎక్కాలని మా ఆవిడకు ఎప్పటినుంచో కోరిక. ఎట్టకేలకు ఒక ఆదివారం కొట్టుకు సెలవు పెట్టించి, వాళ్ళమ్మను కూడా ఒప్పించి, అంతా సిద్ధం చేసుకుంది. ఈ సంగతి మా వీధిలో ఉండే పార్టీ కార్యకర్త చెవిన పడి, అక్కడినుంచి మంత్రిగారి దాకా పోయింది. ఆయన్ని అందరూ జిందాబాద్ అంటారు. అసలు పేరు ఆయన భార్యకు తెలిసుండవచ్చు.

శనివారం పొద్దున్నే శాఖ పెద్ద ఇంజనీరుగారు మా కొట్టుకు వచ్చి బండి చుట్టూ ప్రదక్షిణం చేశారు. మంత్రిగారి నడుముకు పడవని సీట్లు మార్పించారు. సొట్టపోయిన తలుపు సరిచేయించి రంగు వేయించారు. సాయంత్రం ఫోటోగ్రాఫరు వచ్చి చూసి పెదవి విరిచాడు.

"ఇది మామూలు బండిలా లేదు సార్."

ఇంజనీరుగారు ఒప్పుకున్నారు. ఇద్దరు మనుషులు సుత్తి తెచ్చి తలుపుకు మళ్ళీ సొట్ట పెట్టారు. జల్లెడ పట్టిన మట్టిని బకెట్లో కలిపి కుంచెతో బురద పూశారు. ప్రభుత్వం తలచుకుంటే మామూలుతనం మీద కూడా ఇంత శ్రద్ధ పెట్టగలదని నాకు ఆ రోజే తెలిసింది.

మా ఆవిడ చేతులు కట్టుకుని ఇదంతా చూసింది.

"నడిపేదెవరు?" అంది.

"మీరేనమ్మా," అన్నారు ఇంజనీరుగారు. "దిబ్బ దగ్గర మాత్రం ఫోటో కోసం స్టీరింగు మంత్రిగారికి ఇవ్వాలి."

"ఫోటో అయ్యాక?"

"అయ్యాక దిబ్బ మీది."

"అయితే సరే," అంది.

ఆదివారం మంత్రిగారు ఒళ్ళంతా జేబులున్న చొక్కా వేసుకుని వచ్చారు. మా ఆవిడ పక్కన ముందుసీట్లో కూర్చున్నారు. వెనకసీట్లో నేను, మా అత్తగారు, మా ఇద్దరి మధ్య ఇంజనీరుగారు. సామాను తొట్టిలో ఒక పరుపు వేసి, దానిమీద ఫోటోగ్రాఫరునూ జిందాబాద్‌నూ కూర్చోబెట్టాం. వదిలేసిన కాన్వాయ్ మా వెనక కాస్త ఎడంగా, కనబడనట్టు వచ్చింది.

ఊరు దాటగానే తారు అయిపోయింది. బండి ఒక గుంతలో దిగి లేచింది. మంత్రిగారి తల పైకప్పుకు కొట్టుకుంది.

"అప్పుడే వచ్చేశామా?" అన్నారు తల రుద్దుకుంటూ.

నిజానికి పార్కు ఇంకా చాలా దూరం. అది ఇంజనీరుగారు వేయించిన రోడ్డు. కిందటేడు పూర్తయిందని మంత్రిగారే తన ఆఫీసులో మీట నొక్కి ప్రారంభించారు. ఇంజనీరుగారు నావైపు చూశారు, అత్తగారి వైపు చూశారు, ఆఖరికి తన బూట్ల వైపు చూసుకున్నారు.

"వచ్చేశాం సార్."

"గేటు లేదేమయ్యా?"

"సహజంగా ఉంటుందని పెట్టలేదు సార్."

మంత్రిగారు ముచ్చటపడ్డారు. ఒక్కో గుంతనూ పలకరించినట్టు చూస్తూ, "ఎవడు చేశాడో గాని పనిమంతుడయ్యా. ఒక గుంతలా ఇంకోటి లేదు," అన్నారు. ఇంజనీరుగారు తల వంచుకున్నారు. పొగడ్తకు సిగ్గుపడే మనుషులు ఈ రోజుల్లో అరుదు.

కొంచెం ముందుకెళితే ఒక బస్సు బురదలో కూరుకుపోయి ఉంది. ప్రయాణికులు దిగి తోస్తున్నారు.

"ఇంతమంది సందర్శకులా?"

"ఆదివారం కదా సార్."

మంత్రిగారు వాళ్ళకు చెయ్యి ఊపారు. వాళ్ళ చేతులు ఖాళీగా లేక ఊపలేదు. ఆ పక్కన ఆసుపత్రి డ్యూటీకి వెళ్తున్న నర్సొకామె, చెప్పులు హ్యాండిల్‌కు తగిలించి స్కూటరు నడిపించుకుంటూ వస్తోంది. మంత్రిగారు బండి ఆపించి అద్దం దించారు.

"తరచూ వస్తుంటావా అమ్మా?"

"రోజూ సార్. పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి."

"భయం వేయదూ?"

"మొదట్లో వేసేది. చెయ్యి విరిగాక అలవాటైపోయింది."

"భేష్. టిక్కెట్టు ఎంత పెట్టారు?"

ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది. "టిక్కెట్టేంటి సార్, మామూలుగానే తిరుగుతాం," అని స్కూటరు తోసుకుంటూ పోయింది.

మంత్రిగారు వెనక్కి తిరిగారు. "జనానికి ఇంత సాహసం ఉచితంగా ఇస్తున్నామా? మరి ఈ మాట ఎక్కడా చెప్పుకోవడం లేదేమయ్యా?"

"చెప్పుకుంటే బాగుండదని సార్," అన్నారు ఇంజనీరుగారు.

అప్పుడు మా అత్తగారు నోరు తెరిచారు. "నాయనా, ఇది పార్కు కాదు. రోడ్డు."

మంత్రిగారు ఎంతో ఆప్యాయంగా నవ్వారు.

"పెద్దమ్మా, నేను రోడ్ల మంత్రిని. ఇక్కడ రోడ్డుంటే నాకు తెలియదా?"

"తెలియాలి మరి," అని అత్తగారు కళ్ళు మూసుకున్నారు.

వెనక కాన్వాయ్ కార్లు ఒక్కొక్కటే కనబడకుండా పోతున్నాయి. ఈసారి నిజంగానే.

చివరికి పార్కు వచ్చింది. గేటు దాటగానే చక్రాల చప్పుడు ఆగిపోయింది. బండి నీళ్ళమీద పడవలా సాగింది. ఎటుచూసినా నున్నటి కొత్త తారు, దాని మధ్యన తెల్లగీతలు. ఇంకా వేడి ఆరలేదు. పార్కు యజమాని ఒక పక్కన తలపట్టుకుని కూర్చుని ఉన్నాడు.

మా ఆవిడ బండి ఆపి దిగింది. "ఏనుగు దిబ్బ ఏదండీ?"

"దానిమీదే నుంచున్నావు తల్లీ," అన్నాడాయన. "నిన్న రోడ్డు రోలర్లతో వచ్చి మొత్తం చదును చేసి, తెల్లవారేదాకా తారు పోశారు. మంత్రిగారికి కుదుపు తగలకూడదట."

మా ఆవిడ చెప్పు కొనతో తారును ఒకసారి నొక్కి చూసింది. వచ్చి తాళంచెవి మంత్రిగారి చేతిలో పెట్టింది. ఆమె అలా ఊరుకుంటే నాకు భయం. పెళ్ళయిన కొత్తలో ఒకసారి అలాగే ఊరుకుని వారం రోజులు పుట్టింట్లో ఉంది.

మంత్రిగారు మాత్రం కదిలిపోయారు. ఫోటోగ్రాఫరు సిద్ధం కాగానే గొంతు సవరించుకున్నారు.

"ఇంతసేపూ రోడ్డు లేని బతుకు ఎలా ఉంటుందో స్వయంగా అనుభవించాను. ఇదిగో, ఇక్కడినుంచి మన శాఖ రోడ్డు. తేడా మీరే చూడండి."

జిందాబాద్ తన పేరు తానే గట్టిగా అరిచాడు. రిబ్బను కత్తిరించారు. మంత్రిగారు మా బండిని గేటునుంచి వెనక గోడ దాకా, గోడనుంచి గేటు దాకా స్వయంగా నడిపారు. ఆ తర్వాత నడుము పట్టేసిందని హెలికాప్టరు తెప్పించుకుని, ఫోటోగ్రాఫరునూ జిందాబాద్‌నూ ఎక్కించుకుని వెళ్ళిపోయారు. దిగడానికి చదునైన చోటు ఉంది గనక ఏ ఇబ్బందీ కలగలేదు.

తిరుగు ప్రయాణంలో దారి పొడవునా ప్రభుత్వ కార్లు ఇరుక్కుని ఉన్నాయి. మా ఆవిడ తాడు తీసి ఒక్కొక్కదాన్నే బయటికి లాగడం మొదలుపెట్టింది. అన్నిటికంటే లోతైన గుంతలో, పొద్దున కాన్వాయ్‌లో వచ్చిన ఇంజనీరుగారి కారు ఉంది. మాతోనే తిరిగొస్తున్న ఆయన మా బండి దిగి మోకాళ్ళదాకా బురదలో నిలబడి, "తాడు కట్టమ్మా," అన్నారు.

"కడతాను. ముందొక మాట చెప్పండి. ఇదేంటి?"

"ఏదమ్మా?"

"మీరు నుంచున్నది."

ఆయన అటూ ఇటూ చూశారు. "రోడ్డు," అన్నారు మెల్లగా.

"మా అమ్మకు చెవులు సరిగా వినబడవండీ."

"రోడ్డే తల్లీ. నేను వేయించిన రోడ్డే."

మా ఆవిడ తాడు బిగించి బండి ఎక్కింది. బండి మూలిగింది, పక్కకు జారింది, బురద అద్దం మీదికి ఎగిరింది. ఆమె పళ్ళు బిగబట్టి గేరు మార్చి మళ్ళీ మళ్ళీ లాగింది. పెద్ద చప్పుడుతో కారు గుంతలోంచి ఊడి వచ్చింది. ఆ రోజు మొదటిసారి ఆమె మొహంలో నవ్వు చూశాను.

"ఏనుగు దిబ్బకు ఇంత పని ఉండేది కాదేమో," అంది నుదురు తుడుచుకుంటూ.

యాత్ర వృథా పోలేదు. ప్రజల సాహసాభిరుచిని గౌరవిస్తూ మంత్రిగారు ఆ దారిని సహజ సాహస క్షేత్రంగా ప్రకటించారు. పత్రికలన్నీ మొదటిపేజీలో వేశాయి. మొన్న పరుపుల లోడుతో అటు వెళ్తే, అక్కడి కాలనీవాళ్ళు గంపలతో మట్టీ రాళ్ళూ తెచ్చి ఒక గుంత సగం పూడ్చి, పని ఆపేసి నిలబడి ఉన్నారు. వాళ్ళ ఎదురుగా ఒక మనిషి కొత్త బోర్డు పాతుతున్నాడు. మా ఆవిడ బండి ఆపి పైకి చదివింది.

‘ఇచ్చటి గుంతలు ప్రభుత్వ ఆస్తి. పూడ్చువారు శిక్షార్హులు.’

కాలనీవాళ్ళు గుంతలోకి దిగి, మట్టిని మళ్ళీ గంపల్లోకి ఎత్తుకోసాగారు.